నలభై రెండో మంచం పలికింది

ఆ హాస్టల్లో మెట్ల మొదట్లో ఒక రేకు బోర్డు ఉండేది. దాని నిండా రూల్సు. పక్క మీద దుప్పటి ముడత లేకుండా పరవాలి. బకెట్టు కడిగి బోర్లించాలి. కారిడార్లో గట్టిగా మాట్లాడకూడదు. కిటికీలోంచి పిలవకూడదు. మంచం మీద కూచుని తినకూడదు. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా లావుపాటి అక్షరాల్తో: గదిలో ఒకరు తప్పు చేస్తే బాధ్యత ముగ్గురిదీ.

ఆ చివరిది రాసినవాడెవడో గానీ గట్టి పిండం. ఆడపిల్లలకి ఆడపిల్లల్నే కాపలా పెట్టి, తను హాయిగా నిద్రపోయాడు.

అన్నిటికీ పైన హాజరు. చీకటి పడే వేళకి వార్డెన్ మేడమ్ మూడో అంతస్తు మెట్ల మీద నిలబడి మంచం నంబర్లు పిలిచేది. పేర్లు కావు, నంబర్లే. ఆవిడకి మోకాళ్ళ నొప్పి, కారిడారు చివరిదాకా నడవదు. చూపూ అంతంతే. అందుకని పిల్లలు ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి "ప్రెజెంట్ మేడమ్" అంటే చాలు. మనిషి కనపడక్కర్లేదు, మాట వినపడితే హాజరు.

చివరి నుంచి రెండో గదిలో ముగ్గురు. నలభై ఒకటి చిలక. ఎవరి గొంతు విన్నా అచ్చుగుద్దినట్టు అనుకరిస్తుంది కాబట్టి ఆ పేరు. లెక్చరరు దగ్గడం దగ్గర్నుంచి వంటమనిషి తిట్టడం దాకా దాని నోట్లో ఉన్నాయి. నలభై మూడు కళ్ళజోడు. రూలు బోర్డు బట్టీ కొట్టిన పిల్ల, కుక్కిన పేను. మధ్య మంచం, నలభై రెండు, గంట. దాని గొంతు అలాంటిది. గుసగుసలాడినా కింద అంతస్తుకి తెలిసిపోయేది. వారం రోజులు కుళాయిల్లో నీళ్ళు రాకపోతే ఇంతమందిలో నోరు తెరిచింది అదొక్కతే. "మీ బాత్రూంలో వస్తున్నాయిగా మేడమ్, పదండి, అందరం అక్కడికే వస్తాం" అని ఖాళీ బకెట్టు పట్టుకుని వార్డెన్ గది ముందు నిలబడింది. సాయంత్రానికి నీళ్ళొచ్చాయి. వార్డెన్ ఆ మాట మర్చిపోలేదు.

ఒక రోజు గంట వాళ్ళమ్మకి ఆపరేషన్ అని కబురొచ్చింది. ఆ తల్లికి ఇదొక్కతే. దీనికి ఆ తల్లొక్కతే. గంట సెలవడగడానికి వెళ్ళింది, వెనకాల చిలక.

"రూలు తెలుసుగా. గార్డియన్ స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి" అంది వార్డెన్.

"మా గార్డియన్ అమ్మే మేడమ్. ఆపరేషన్ ఆవిడకే."

"అయితే నయమయ్యాక తీసుకురా. అప్పుడిస్తాను."

"నయమయ్యాక సెలవెందుకు మేడమ్ నాకు? ఇంట్లో కాళ్ళు చాపుక్కూచోడానికా?"

"చూశావా, ఆ నోరే. వరసగా వారం హాజరు లేకపోతే సీటు రద్దు. గదిలో వాళ్ళు చెప్పకుండా దాస్తే వాళ్ళ సీట్లూ రద్దు. వెళ్ళు."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది యవ్వారం. హాస్టలు సీటు పోతే గంటకి చదువు పోయినట్టే. ఆ ఊళ్ళో దానికి తల దాచుకునే చోటు వేరే లేదు.

గదిలోకొచ్చి గంట ఏడవలేదు. సంచీలో బట్టలు కుక్కుతోంది. చిలకే అంది: "వెళ్ళవే. సాయంత్రం నీ బదులు నేను పలుకుతా."

కళ్ళజోడు మంచం మీంచి లేచింది. "పిచ్చా మీకు? దొరికితే నేనూ పోతాను. మా నాన్న నన్ను ఇంకో చోట చేర్పించడు. ఇంట్లో కూచోబెడతాడు."

"దొరకను" అంది చిలక. అని, గంట గొంతుతో, "ఏం కళ్ళజోడూ, నా మీద నమ్మకం లేదా?" అంది.

ముగ్గురూ నవ్వారు. కళ్ళజోడు కూడా. గంట తెల్లారి బస్సుకి వెళ్ళిపోయింది.

మొదటి సాయంత్రం చిలక గుమ్మంలో నిలబడింది. నలభై ఒకటికి తన గొంతుతో పలికింది. నలభై రెండు అనగానే గంట గొంతు ఎత్తుకుంది. కానీ ఒక పని చేసింది. గంట ఎప్పుడూ "ప్రెజెంట్" అని విసిరికొట్టేది, వెనక మేడమూ గీడమూ ఉండదు. అలా అంటే వార్డెన్ తలెత్తి చూస్తుందని, చిలక ఆ విసురు తీసేసింది. గంట గొంతే, మెత్తగా, ఒద్దికగా, "ప్రెజెంట్ మేడమ్". వార్డెన్ తలెత్తలేదు.

"అదీ పని" అనుకుంది చిలక. రోజూ అలాగే. ఆ గొంతు రోజురోజుకీ నున్నబడింది. నోట్లో నాలుక లేని గంట ఒకతి తయారైంది చిలక గొంతులో.

గంట ఫోన్ చేసేది. ఆపరేషన్ అయింది, అమ్మ లేవడానికి ఇంకా టైము పడుతుంది, రాలేను అంది. "ఎలా పలుకుతున్నావే?" అనడిగింది. చిలక పలికి వినిపించింది.

"అది నేను కాదే" అంది గంట. "నేనెప్పుడైనా అంత పద్ధతిగా ఏడ్చానా?"

"సీటు నిలబడాలా వద్దా?"

"సరేలే తల్లీ, నీ ఇష్టం."

కొన్నాళ్ళకి చిలకకి జలుబు చేసి జ్వరం వచ్చింది. గొంతు పూడుకుపోయింది. పొద్దున్నుంచీ ఉప్పునీళ్ళు పుక్కిలించినా లాభం లేదు. కళ్ళజోడుని బతిమాలింది. "నా వల్ల కాదు. నా గొంతు నాకే సరిగ్గా వినపడదు, ఇంకొకత్తెది ఎక్కడ తెచ్చేది?" అంది కళ్ళజోడు.

సాయంత్రమైంది. నలభై ఒకటి అంటే చిలక కప్పలా బెకబెకమంది. కారిడారంతా కిసుక్కుమంది. నలభై రెండు. చిలక నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అయిపోయింది, సీటు పోయింది అనుకుంది.

"ప్రెజెంట్ మేడమ్."

వెనకాల్నుంచి. గది లోపల్నుంచి. గంట గొంతు, చిలక నున్నగా చెక్కిన గంట గొంతు.

వార్డెన్ నలభై మూడు పిలిచింది. కళ్ళజోడు పలికింది. పలికి చిలక వైపు తిరిగి, "భలే దానివే! గొంతు రాదని ఏడిపించావు కదూ పొద్దున్నుంచీ" అంది.

చిలక గదిలోకి చూసింది. మూడు మంచాలు, ఒక కిటికీ, తీగ మీద ఆరేసిన తువ్వాలు. ఎవరూ లేరు. మధ్య మంచం మీద దుప్పటి మాత్రం, డప్పు మీద తోలు బిగించినట్టు బిగించి ఉంది.

నేనే పలికి ఉంటాను, జ్వరం మీద తెలియలేదు అని సర్దిచెప్పుకుంది. మనిషికి ఆ తెలివొకటి ఉంది కదా, భయమేసిన ప్రతిదానికీ జ్వరం పేరు పెట్టుకోడం.

జలుబు తగ్గింది. మర్నాడు చిలక పలకబోయేలోపే అది పలికింది. ఆ మర్నాడూ అంతే. పిలుపు పూర్తి కాకముందే జవాబు.

తర్వాత పొద్దుటి పూట చిలక నీళ్ళకి వెళితే, నలభై రెండు అని రంగుతో రాసిన బకెట్టు తడిగా ఉంది. కడిగి బోర్లించి ఉంది. భోజనాల గదిలో గంట పళ్ళెం కడిగిన పళ్ళాల్లో అన్నిటికన్నా పైన మెరుస్తోంది. వంటమనిషి, "మీ గదిలో పిల్ల మారిపోయిందే! ఇదివరకు ఉప్పు లేదు, కారం లేదు అని నా ప్రాణం తీసేది. ఇప్పుడు ఏం పెట్టినా కిమ్మనదు" అంది.

చిలక ఆ పళ్ళెం చేతిలోకి తీసుకుంది. "చూశావా పిన్నీ దాన్ని?"

"చూడకపోతే తిండెవరికి పెట్టానే?"

"ఏ బట్టల్లో ఉంది?"

వంటమనిషి గరిటె పట్టుకుని ఆలోచించింది. "అదేంటే... ఇందాకే చూశాను." ఇంకాస్త ఆలోచించింది. "ఏదో వేసుకునే ఉంటుందిలే! బట్టల్లేకుండా వస్తారా ఏంటి? పో, అడ్డం లే."

చిలక ఇంకొంతమందిని అడిగింది. అందరూ చూశామన్నవాళ్ళే. చదువుకునే గదిలో మూలన, మెట్ల మీద గోడవారన, ఎప్పుడూ ఎవరికీ దారికి అడ్డం లేకుండా. ఏ రంగు బట్టలు? జడా ముడా? ఒక్కరికీ గుర్తు లేదు. ఆ ప్రశ్న వేస్తే మొహం అదోలా పెట్టి మాట మార్చేవాళ్ళు.

ఒక సాయంత్రం హాజరయ్యాక వార్డెన్ అందర్నీ నిలబెట్టి చెప్పింది: "నలభై రెండుని చూసి నేర్చుకోండి. ఒకప్పుడు ఎంత పొగరు! ఇప్పుడు చూడండి. హాస్టల్లో పిల్ల అంటే అలా ఉండాలి. ఉన్నట్టే తెలియకూడదు."

ఉన్నట్టే తెలియకూడదు! ఎన్నేళ్ళ నుంచి ఎంతమంది ఆడపిల్లలకి ఎంతమంది పెద్దలు చెప్పిన మాట అది. ఇన్నాళ్ళకి ఆ మాట విని తు.చ. తప్పకుండా పాటించే పిల్ల ఒకతి దొరికింది. లేని పిల్ల.

గదిలోకొచ్చాక చిలక తలుపేసి కళ్ళజోడు చెయ్యి పట్టుకుంది. "పలికేది నేను కాదే. జలుబు చేసినప్పట్నుంచీ నేను కాదు."

కళ్ళజోడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తుడుస్తూనే ఉంది. "తెలుసు" అంది.

"తెలుసా!"

"నీ పక్కనే కదా నిలబడేది. నీ పెదాలు కదలట్లేదు."

"మరి చెప్పవేం?"

"ఏమని చెప్పను? సీటు నిలబడిందా లేదా? నీదీ నాదీ దానిదీ. అది అరవదు, గొడవ పడదు. గంట ఉన్నప్పుడు రోజుకో రభస. నిజం చెప్పనా, ఈ గదిలో నేను ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ చదువుకోలేదు. పోనీలే, ఉండనీ."

"ఉండనీయడమేంటే? అదేంటో తెలుసా నీకు?"

"తెలీదు. నువ్వే కదా తయారు చేసింది. నన్నడుగుతావేం?"



మర్నాడు మధ్యాహ్నం చిలక క్లాసు ఎగ్గొట్టి ఒక్కతే గదికొచ్చింది. ఎండ కిటికీలోంచి నేరుగా మధ్య మంచం మీద పడుతోంది. చిలక ఆ మంచం మీద దభీమని కూచుంది, దొర్లింది, దుప్పటి ఉండచుట్టి కాళ్ళ దగ్గర పారేసింది. మంచం మీద బిస్కెట్టు తిని పొడి రాల్చింది. కిటికీలోంచి ఎవరూ లేని వీధిలోకి "ఓయ్" అని అరిచింది. ఎన్ని రూల్సు తప్పచ్చో అన్నీ తప్పి, మొహం కడుక్కోడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి దుప్పటి బిగించి ఉంది. పొడి లేదు. కిటికీ మూసి ఉంది. చిలక దుప్పటి మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. ఎండకేమో అనుకుందామంటే కిటికీ మూశారు కదా. మనిషి పడుకుని లేచిన వెచ్చదనం అది. కానీ అంత బిగువు దుప్పటి మీద మనిషన్నది పడుకోలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. గంట.

"చిలకా" అంది. చిలక ముందు గుర్తుపట్టలేదు. గోడ మీద గోరు పెట్టి గీసినట్టుంది ఆ మాట.

"ఏమైందే నీ గొంతుకి?"

"పోతోందే. రోజూ సాయంత్రమయ్యేసరికి ఎవరో నొక్కినట్టు పట్టేస్తుంది. పొద్దున్న కాస్త వచ్చేది, ఇప్పుడు అదీ లేదు. డాక్టరు చూసి గొంతులో ఏమీ లేదన్నాడు. అది కాదే భయం." ఆగి ఊపిరి పీల్చుకుంది. "నిన్న నర్సుని పిలిచాను, పక్కనే ఉండి వినపడనట్టు వెళ్ళిపోయింది. అమ్మ మంచం మీద నేనే కూచుని ఉన్నాను, 'ఎక్కడున్నావే, ఓసారి రావే' అని అమ్మ నన్నే పిలుస్తోంది. చెయ్యి పట్టుకుంటే అప్పుడు ఉలిక్కిపడింది."

చిలక అంతా చెప్పింది. జలుబు దగ్గర్నుంచి దుప్పటి దాకా, ఒక్క ముక్క దాచకుండా. గంట తిడుతుందనుకుంది. తిట్టడానికి దానికి గొంతు లేదు.

"వస్తున్నా" అంది.

వచ్చింది. అమ్మని పక్కింటి వాళ్ళకి అప్పగించి వచ్చింది. ఒక పూట ఎండ చల్లబడే వేళకి గేటు దగ్గర దిగింది. కబురంది చిలక కిందకి పరుగెత్తేసరికి గేటక్క అడ్డంగా నిలబడి ఉంది. గేటక్క అంటే అక్కడ కాపలా ఉండే ఆవిడ. కర్ర లేని పోలీసు.

"ఎవరమ్మా నువ్వు? నలభై రెండంటావేంటి? నలభై రెండు ఇందాకే కాలేజీ నుంచొచ్చి లోపలికెళ్ళింది. నాకు నమస్కారం కూడా పెట్టింది."

గంట ఆ గీసినట్టున్న గొంతుతోనే అంది: "నేనెప్పుడన్నా నీకు నమస్కారం పెట్టానా అక్కా?"

"పెట్టలేదు. అందుకే ఆ పిల్ల మంచిది."

వార్డెన్ వచ్చింది, మెట్లు ఒక్కొక్కటీ పట్టుకుంటూ. గంటని పైనుంచి కిందకి చూసింది. "మొహం ఎక్కడో చూసినట్టుంది" అంది. అబద్ధం ఆడుతున్నట్టు లేదు. అదే చిలకని భయపెట్టింది.

"ఇదే మేడమ్ గంట! నీళ్ళ కోసం మీ గుమ్మం ముందు నిలబడ్డది!"

"ఆ పిల్ల పైన చదువుకుంటోంది, ఇప్పుడే చూసొచ్చాను. చూడమ్మా, గొడవెందుకు. కాసేపట్లో హాజరు వేస్తాను. నలభై రెండు లోపల పలికితే లోపలున్నదే నలభై రెండు. బయటివాళ్ళని రానివ్వడం రూలు కాదు."

వార్డెన్ వెళ్ళిపోయింది. గేటు ఊచల మధ్య నుంచి గంట చెయ్యి పెట్టింది. చిలక పట్టుకుంది. చల్లగా ఉంది చెయ్యి, ఆ దుప్పటి ఉన్నంత వెచ్చగా కూడా లేదు.

"ఇవాళ నేనే ముందు పలుకుతా. నీ గొంతుతోనే, అసలు గొంతుతో, విసురుగా. దాన్ని పలకనివ్వను" అంది చిలక.

గంట తల అడ్డంగా ఊపింది. "మళ్ళీ నువ్వే నా మాట మాట్లాడతావా? ఇంకొకటి పుడుతుంది. ఈసారి పొగరుది." నవ్వబోయింది, దగ్గొచ్చింది. "నాకు నా గొంతు కావాలే. సీటు పోతే పోయింది. లేదని చెప్పు."

"లేదంటే నీ సీటే కాదు, ముగ్గురివీ."

"తెలుసు. నిన్ను అడుగుతున్నా. కళ్ళజోడుని అడగలేను."

చిలక పైకెళ్ళి కళ్ళజోడుకి చెప్పింది. కళ్ళజోడు గుమ్మానికి అడ్డం నిలబడింది. "వద్దే. కాళ్ళు పట్టుకుంటా. గంటని బయట ఎక్కడన్నా గదిలో పెడదాం, అందరం చూసుకుందాం. ఇది ఇక్కడుండనీ. నీకేం పోయింది?"

"నీకు తెలీదని చెప్తా. నీ పేరు ఎత్తను."

"రూల్లో తెలీదు అనే మాటే లేదు!" అని అరిచింది కళ్ళజోడు. అరవగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కారిడార్లో గట్టిగా మాట్లాడకూడదు కదా.

దీపాలు వెలిగాయి. వార్డెన్ మెట్ల మీదకొచ్చింది. పిల్లలు గుమ్మాల్లోకొచ్చారు. ఒకటి, రెండు, మూడు అని నంబర్లు దగ్గరికొస్తున్నాయి, తలుపు తర్వాత తలుపు తట్టుకుంటూ వచ్చే మనిషిలా.

"నలభై ఒకటి."

"ప్రెజెంట్ మేడమ్" అంది చిలక.

"నలభై..."

వెనకాల మంచం కిర్రుమంది. ఎవరో మాట్లాడ్డానికి ముందు ఊపిరి లోపలికి తీసుకున్నారు. అది చిలకకి మెడ మీద తగిలింది. ఇంకా ఘోరం, తన గొంతు తనకి తెలియకుండానే కదుల్తోంది, ఆ మెత్తటి మాటని కింద నుంచి పైకి నెట్టుకొస్తోంది. అలవాటైపోయింది దానికి. చిలక రెండు చేతులతో గుమ్మం పట్టుకుంది.

"...రెండు."

"లేదు!"

అది ఎవరి గొంతూ కాదు, చిలకదే. ఎన్నాళ్ళైందో ఆ గొంతుతో అది గట్టిగా మాట్లాడి.

వార్డెన్ తలెత్తింది. "ఏమిటి?"

"నలభై రెండు లేదు మేడమ్. ఇన్నాళ్ళూ లేదు. వాళ్ళమ్మకి ఆపరేషనైతే మీరు సెలవివ్వలేదు, అది వెళ్ళింది. పలికింది నేను. తప్పు నాది. దాన్ని మింగేస్తున్నది కూడా నేనే. లేదు, లేదు, లేదు!"

వెనకాల ఆ పీల్చిన ఊపిరి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత సైకిలు ట్యూబులోంచి గాలి దిగినట్టు సన్నగా బయటికి పోయింది. గంట మంచం మీద దుప్పటి దానంతటదే వదులైంది. ఒక మూల జారి నేలకి తగిలింది.

కింద గేటు దగ్గర్నుంచి అప్పుడు లేచింది గొంతు. వీధి చివర కుక్కలు మొరిగాయి.

"ఏం మేడమ్! వినపడుతోందా? తల్లి కడుపు కోస్తుంటే పక్కన కూచోడానికి సంతకం కావాలా? ఎవరి సంతకం కావాలి, మీ మోకాలిదా? దిగండి కిందకి! నేనే నలభై రెండు!"

మూడు అంతస్తుల పిల్లలూ గుమ్మాల్లో నిలబడి నవ్వుతున్నారు, కొందరు ఏడుస్తున్నారు. వార్డెన్ మొహం మాత్రం తెల్లబడింది. ఇప్పుడు గుర్తుపట్టింది గంటని.

గుర్తుపట్టిన మరుక్షణం సీటు రద్దు చేసింది. చిలకదీ రద్దు. కళ్ళజోడుది చెయ్యలేదు. వాళ్ళిద్దరూ నన్ను మోసం చేశారు, నాకేమీ తెలీదు అని రాసి సంతకం పెట్టమంది. కళ్ళజోడు పెట్టింది. దాన్ని తప్పు పట్టేవాళ్ళు ముందు దాని చోట నిలబడి చూడాలి.

హాస్టలుకి ఎదురుగానే, వీధికి అవతల, కుట్టు దుకాణం మీద ఒక గది దొరికింది. ఇద్దరు పడుకుంటే మూడోవాళ్ళు నిలబడాలి. దుకాణంలో పొద్దున్నే గుండీలు కుట్టి కాలేజీకి పోయేవాళ్ళు. పడుకుని తినేవాళ్ళు, దుప్పటి ఉండచుట్టి మూల పారేసేవాళ్ళు. గంట వాళ్ళమ్మకి కాస్త నయమైంది. ఫోన్లో, "నెమ్మదిగా మాట్లాడవే, చెవులు పోతున్నాయి" అనేది. ఆ మాట వినడానికి గంట ఇంకా గట్టిగా అరిచేది.

కొన్నాళ్ళకి కళ్ళజోడు వచ్చింది. మెట్ల మీద నిలబడి లోపలికి రాలేదు.

"రావే మహాతల్లీ, మేం మోసగాళ్ళమే గానీ కరవం" అంది గంట.

వచ్చి కూచుంది. ఏడ్చింది. టీ ఇస్తే తాగింది. సగం తాగాక అంది: "గదిలో ఒక్కదాన్నే. మీ మంచాలు ఎవరికీ ఇవ్వలేదు. బాగానే ఉంది. అంటే... నేను పరవకముందే నా దుప్పటి పరిచి ఉంటోంది. నేనే పరిచి మర్చిపోతున్నానేమో."

చిలక గ్లాసు కింద పెట్టింది. "భోజనాల గదిలో ఎవరన్నా ఏమన్నా అంటున్నారా?"

"వంటావిడ ఇవాళ నన్ను, ఇందాకే తిన్నావుగా అంది. ఆవిడకి వయసైపోయింది." కళ్ళజోడు కిటికీలోంచి చూసి అదిరిపడింది. ఎదురు మేడలో దీపాలు వెలిగాయి. "అమ్మో, హాజరు! మాటల్లో పడి..."

లేచి ఒక చెప్పు వేసుకుంది. రెండో చెప్పు కోసం వెతుకుతోంది. వీధి మీదుగా, తెరిచి ఉన్న కారిడారు కిటికీల్లోంచి వార్డెన్ గొంతు స్పష్టంగా వినపడుతోంది. ఇంకా మొదటి నంబర్లే అనుకుంటే కాదు.

"నలభై మూడు."

"ప్రెజెంట్ మేడమ్."

బుద్ధిగా, ఒద్దికగా. ఆలస్యం లేకుండా. కళ్ళజోడు గొంతే.

కళ్ళజోడు ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయింది. "నేను పలకలేదు" అంది. ఆ మాట సగం గాలే.

"పరుగెత్తు!" అని నెట్టింది గంట.

కళ్ళజోడు ఒంటి చెప్పుతో మెట్లు దూకింది. చిలకా గంటా కిటికీలో సగందాకా వేలాడారు. "లేదు! నలభై మూడు లోపల లేదు! ఇక్కడుంది, బయటుంది! లేదు!" కింద కుట్టుమిషను ఆగిపోయింది. సైకిలు మీద పోయేవాడు కాలు కింద పెట్టి చూశాడు. ఎదురు మేడ కిటికీల్లోకి ఒక్కొక్క తలా వచ్చింది.

కళ్ళజోడు వీధి మధ్యకి వచ్చి ఆగింది. అద్దాలు జారిపోయాయి, తీసుకోలేదు. మేడ వైపు మొహమెత్తి నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్ళీ తెరిచింది. ఈసారీ గాలే. పొట్ట పట్టుకుని వంగింది, పురిటి నొప్పులొచ్చినట్టు. "తిట్టవే! ఎవర్నో ఒకర్ని తిట్టు!" అని పైనుంచి గంట అరుస్తోంది.

మూడోసారి వచ్చింది. సన్నగా, బీటలు వారి, ఎవరూ ఎప్పుడూ వినని గొంతు.

"నేనిక్కడున్నా!"

పైన హాజరు ఆగింది. తర్వాతి నంబరు ఎంతసేపటికీ పిలవలేదు.